మింగలేక, కక్కలేక: దిగులు కడుపు మీద పడినప్పుడు

మా మేనత్త వాంతికి ఒక టైముండేది. రాత్రి ఎనిమిది దాటితే చాలు, కంచం ముందు కూర్చున్న మనిషి రెండు ముద్దలకే లేచి పెరట్లోకి పరుగెత్తేది. వెనకాలే మామయ్య చెంబుతో నీళ్ళు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి మాది. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే కాబట్టి ఆ ఓకరింత మాకూ వినపడేది. మొదట్లో చేపల కూర పడలేదన్నారు. తరవాత పైత్యం అన్నారు. ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీశారు. మూడో వారానికి మందుల షాపు నుంచి గ్యాస్ బిళ్ళలు, వాంతుల బిళ్ళలు రావడం మొదలైంది. మూడో నెలకి మనిషి నాలుగు కిలోలు తగ్గింది. బరంపురంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎండోస్కోపీ చేయించాం. రిపోర్టు శుభ్రంగా ఉంది. డాక్టరు గారు ఒడియాలో "ఏమీ లేదు, కంగారు పడకండి" అన్నారు.

బస్సులో తిరిగొస్తూ మామయ్య ఆ మాటనే పట్టుకున్నాడు. "ఏమీ లేదంట కదా. మరి ఈ వేషాలేటి?" అన్నాడు. అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

డాక్టరు అబద్ధం చెప్పలేదు, మామయ్య చెడ్డవాడూ కాదు. ఎండోస్కోపీ గొట్టం చూసేది కడుపు గోడని. పుండుందా, వాపుందా, గడ్డ ఉందా అని. ఆ గోడ ఎలా కదులుతోంది, దానికి పైనుంచి ఎలాంటి కబుర్లు అందుతున్నాయి అన్నది గొట్టానికి కనపడదు. ఇంటి గోడలు పగలకుండా నిలబడ్డాయి కాబట్టి ఆ ఇంట్లో గొడవల్లేవని ఎవరూ అనరు కదా. "ఏమీ లేదు" అంటే "పుండు లేదు" అని మాత్రమే అర్థం. మనం దాన్ని "నటిస్తోంది" అని చదువుకుంటాం.

మన భాషకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. బిడ్డ పోతే కడుపుకోత. ఎదుటివాడు బాగుపడితే కడుపుమంట. జాలి వేస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎటూ చెప్పుకోలేని బాధ వస్తే మింగలేక కక్కలేక ఉంటాం. ఇన్ని మాటలు పుట్టించుకున్న జనమే, మనిషి నిజంగా కక్కుతుంటే మాత్రం నమ్మరు.

వాంతికి నాలుగు దారులు

వాంతి కడుపు చేసే పని అనుకుంటాం గానీ, చేయించేది మెదడు. మెదడు అడుగుభాగంలో, వెన్నుపాముతో కలిసేచోట, కొన్ని నాడీ కణాల గుంపులు ఈ పనిని నడిపిస్తాయి. వాటికి కబురు నాలుగు వైపుల నుంచి వస్తుంది. ఒకటి రక్తం. మెదడులో చాలా భాగానికి రక్తంలోని విషాలు చేరకుండా ఒక అడ్డుకట్ట ఉంటుంది, కానీ ఒక చిన్న చోట ఆ కట్ట పలచగా ఉంటుంది. విషమో, కొన్ని రకాల మందులో రక్తంలో కలిస్తే అక్కడ పసిగట్టి "బయటికి తోసెయ్" అంటుంది. రెండోది పేగుల నుంచి వచ్చే దారి. చెడిపోయిన తిండి తిన్నప్పుడు పనిచేసేది ఇదే. మూడోది లోపలి చెవి, అంటే ఘాట్ రోడ్డు మీద బస్సు మలుపులు తిరిగేటప్పుడు తిప్పేసేది. నాలుగోది మెదడు పైభాగం. వాసన, దృశ్యం, జ్ఞాపకం, భయం, దుఃఖం అన్నీ ఈ దారినే దిగుతాయి.

ఏ దారిన కబురొచ్చినా చివర్లో జరిగే పని ఒకటే. నోట్లో ఒక్కసారిగా లాలాజలం ఊరుతుంది, పళ్ళని ఆమ్లం నుంచి కాపాడటానికి. ముఖం తెల్లబోతుంది, చెమటలు పడతాయి. డయాఫ్రమ్ అనే ఊపిరి కండరం, పొట్ట కండరాలు కలిసి బిగుసుకుని కడుపుని పిండుతాయి. కుళ్ళిన చేప వల్ల వచ్చిన వాంతికీ, బెంగ వల్ల వచ్చిన వాంతికీ ఈ చివరి అంకంలో ఏ తేడా లేదు. అదే ఆమ్లం, అదే నీరసం, ఒంట్లోంచి పోయే ఉప్పూ నీళ్ళూ అవే.

నాలుగో దారి పని కూడా మాయేం కాదు. భయం, బెంగ ఎక్కువైనప్పుడు మెదడు ఒక ఒత్తిడి హార్మోన్ని విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో కడుపు ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, పెద్ద పేగు మాత్రం జోరందుకుంటుంది. పరీక్ష రోజు పొద్దున కొందరికి వాంతి, కొందరికి విరేచనం, కొందరికి రెండూ అయ్యేది అందుకే. మామూలుగా కడుపు నిమిషానికి 3 సార్లు అల వచ్చినట్టు కదులుతుంది. తిప్పుతున్నప్పుడు ఆ లయ చెదురుతుంది. రెండు గంటల కిందట తిన్న అన్నం కదలకుండా కూర్చుంటే బరువు, తేన్పులు, దేవినట్టు ఉండటం. మెదడుకీ పొట్టకీ మధ్య వేగస్ అనే పొడవాటి నాడి ఉంది. దానిలోని తీగల్లో సుమారు 80 శాతం పొట్ట నుంచి పైకి కబుర్లు మోసేవే. అంటే బెంగ కడుపుని తిప్పుతుంది, తిప్పిన కడుపు పైకి కబురంపి బెంగని పెంచుతుంది. మా అత్త ఎనిమిదింటికి వికారాన్ని చూసి "అమ్మో మళ్ళీ మొదలైంది" అని భయపడేది. ఎనిమిదీ పదికి వాంతి తెచ్చేది సగం ఆ భయమే.

ఇంకొకటి ఉంది: అలవాటు పడటం. క్యాన్సర్‌కి కీమోథెరపీ తీసుకునేవాళ్ళలో కొందరికి మందు ఎక్కించకముందే, ఆసుపత్రి గేటు చూడగానే వాంతి వస్తుంది. ఒకటి రెండు సార్లు బాధ పడ్డ చోటుని మెదడు గుర్తుపెట్టేసుకుంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు మా గజపతి జిల్లా కూడా అతలాకుతలమైంది. మా వీధిలో ఒకావిడకి ఆ తరవాత చాలాకాలం, వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి రేకుల్ని అదిరిస్తే చాలు, కడుపులో తిప్పడం మొదలయ్యేది. ఆవిడ అదేదో పాత గ్యాస్ జబ్బు అనుకునేది. గాలికీ కడుపుకీ ముడి ఉందని ఆవిడకే తెలియదు.

కడుపు ఒడియాలో, దిగులు తెలుగులో

మా సరిహద్దు ఊళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, తెలుగు బోర్డులు. ఇటు సర్కారు ఆసుపత్రి, బడి, ఠాణా అన్నీ ఒడియా. మాలో చాలామందికి ఒడియా బాగానే వచ్చు. బేరానికి వచ్చు, బస్సుకి వచ్చు, గొడవకి ఇంకా బాగా వచ్చు. కానీ దిగులు చెప్పుకోవడానికి వచ్చే ఒడియా వేరు, అది చాలామందికి రాదు.

డాక్టరు ముందు కూర్చుంటే నోటికి వచ్చేది "బాంతి", "గ్యాస్", "పేటొ" అంతే. మా అత్త బరంపురంలో చెప్పింది సరిగ్గా ఈ మూడు మాటలే, నేను పక్కనే ఉన్నాను. ఇంటి దగ్గర తెలుగులో ఆవిడకి ఇదే బాధకి ఎన్ని మాటలున్నాయో! "కడుపులో దేవుతోంది" అంటే ఒకటి. "డోకొస్తోంది" అంటే ఇంకొకటి. "ముద్ద దిగట్లేదు" అనేది తిండి గురించి కాదు, గొంతులో అడ్డుపడ్డ ఏడుపు గురించి. "మనసు మనసులో లేదురా" అనేది అన్నిటికంటే అసలైన లక్షణం. గిడుగు రామమూర్తి గారు పంతులుగా ఉంటూ వాడుక భాష కోసం పట్టుబట్టిన ఊరు మాది. ఆ వాడుక మాటల్లో ఒక్కటి కూడా ఆ గదిలోకి రాలేదు. డాక్టరు దగ్గరికి సగం జబ్బే వెళ్ళింది, సగం జబ్బుకే వైద్యం జరిగింది.

దీనికి నాకు తెలిసిన మార్గం చిన్నది. "చింత" అనే మాట రెండు భాషల్లోనూ ఉంది. బాంతి అని చెప్పాక, "చింతా" అని ఒక్క మాట కలపండి. "మొనొ భొలొ నాహిఁ" అంటే మనసు బాగాలేదని. ఆ వాక్యం నోటికి రాకపోతే వచ్చినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. కాకపోతే ఆ వెంట వెళ్ళేది కోడలో, మొగుడో అయి, బెంగకి కారణం వాళ్ళే అయితే ఆవిడ నోరు విప్పదు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని పెరిగిన మనుషులం. అలాంటప్పుడు పక్కింటి మనిషిని తీసుకెళ్ళడమే మేలు.

వికారం మొదలైన ఆ పది నిమిషాలు

మొట్టమొదట ఊపిరి. భయపడ్డ మనిషి ఛాతీ పైభాగంతో గబగబా పీలుస్తాడు, తెలియకుండానే గాలి మింగుతాడు. కడుపు మరింత ఉబ్బుతుంది. కూర్చుని, నడుం దగ్గర చీర ముడో బెల్టో వదులు చేసి, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నోటితో బయటికి. చెయ్యి లేవాలి, భుజాలు లేవకూడదు. నిమిషానికి ఆరేడు ఊపిర్లు చాలు. బయటికి వదిలే ఊపిరి పొడుగ్గా ఉండటమే ఇందులో కీలకం. వేగస్ నాడి ఒంటిని శాంతపరిచేది ఆ వదిలేటప్పుడే. ఇది పైన పటారం లాగా కనిపిస్తుంది గానీ, వాంతి రావాలంటే డయాఫ్రమ్ బిగుసుకోవాలి. మీరు నిదానంగా ఊపిరి వదులుతున్నంతసేపూ ఆ కండరం మీ పనిలో ఉంటుంది.

మా అత్తకి దీన్ని నేర్పడానికి నాకు వారం పట్టింది. మొదటిరోజు "ఊపిరి పీల్చడం నాకు రాదేటి, అరవై ఏళ్ళుగా పీలుస్తన్నాను" అంది. చివరికి పనిచేసింది అంకెలు కాదు. పొయ్యిలో నిప్పు రగిల్చడానికి గొట్టంతో ఊదినట్టు ఊదమన్నాను. అది ఆవిడకి చేతనైన పని.

నిమ్మకాయ వాసన బస్సుల్లో అందరం చూస్తాం. తప్పేం లేదు, ముక్కు దగ్గర పెట్టుకుని నిదానంగా పీల్చడంలోనే సగం మేలుంది. ఇంజెక్షన్ ముందు తుడిచే స్పిరిట్ దూదిని ముక్కుకి కాస్త దూరంలో పట్టుకుని రెండు మూడు సార్లు పీలిస్తే వికారం త్వరగా తగ్గుతుందని అత్యవసర విభాగాల్లో చేసిన పరీక్షల్లోనే తేలింది. ఉపశమనం కొద్దిసేపే, అయినా ఆ కొద్దిసేపే గండం. అల్లం మీద ఎక్కువ పరీక్షలు జరిగింది గర్భిణుల వికారం గురించి. కాస్త పనిచేస్తుంది. వేన్నీళ్ళలో చిన్న ముక్క దంచి వేసుకోండి. ఖాళీ కడుపుతో చిక్కటి అల్లం టీ మాత్రం మంటని పెంచుతుంది.

వేళ్ళు పెట్టుకుని కక్కడం వద్దు. మా వైపు పొద్దున్నే నాలుక గీసుకుంటూ వీధంతా వినపడేలా ఓకరించడం చాలామందికి అలవాటు. "పైత్యం పోతుంది" అంటారు. పోయేది పైత్యం కాదు, పళ్ళ మీది పింగాణీ. గట్టిగా ఓకరిస్తే అన్నవాహిక చివర చీలి రక్తం పడటం కూడా జరుగుతుంది. పైగా మెదడుకి వాంతి దారిని మనమే రోజూ నడిచి చదును చేసి పెట్టినట్టు.

వాంతి అయిపోయిందనుకోండి. పది పదిహేను నిమిషాలు ఏమీ తాగొద్దు. దాహమేసి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగితే అవి కూడా బయటికొస్తాయి. తరవాత చెంచాడు చెంచాడు, రెండు మూడు నిమిషాలకొకటి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటే దాని మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకి తట్టి సమానం చేసి. పళ్ళు వెంటనే తోముకోకండి, ఆమ్లంతో మెత్తబడ్డ పింగాణీ రాలిపోతుంది. పుక్కిలించి అరగంట ఆగండి. ఆకలేస్తే మొదట పొడి తిండి. మా ఊళ్ళో దానికి దిగులే లేదు, ఏ వేళప్పుడైనా ప్రతి ఇంట్లో ముఢీ, అంటే మరమరాల డబ్బా ఉంటుంది. గుప్పెడు ఉత్త ముఢీ, నూనె, ఉల్లిపాయ కలపకుండా. తరవాత పలచటి గంజి.

బిళ్ళల సంగతి

వాంతుల బిళ్ళలు ఎక్కువగా రక్తం దారినీ, పేగుల దారినీ మూస్తాయి. నాలుగో దారి మీద వాటి పట్టు తక్కువ. కీమోథెరపీ వాళ్ళకి గేటు దగ్గరే వచ్చే వాంతికి మామూలు వాంతి మందులు అంతగా పనిచేయవని డాక్టర్లకి బాగా తెలుసు. అక్కడ పనిచేసేవి ఊపిరి సాధన, మాటల చికిత్స, అవసరమైతే ఆందోళన తగ్గించే మందు. మా అత్త మూడు నెలలు వాంతుల బిళ్ళలు మింగినా లాభం లేకపోవడానికి కారణం ఇదే. తాళం వేసింది ముందు తలుపుకి, దొంగ వస్తున్నది పెరటి నుంచి.

అవి అమాయకమైనవీ కావు. మెటోక్లోప్రమైడ్ కొందరు పిల్లల్లో, యువతలో మెడ, దవడ ఒక పక్కకి మెలిపెట్టేస్తుంది. దాన్ని 5 రోజులకు మించి వాడొద్దని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లో చెప్పింది. ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ గుండె లయని తేడా చేయగలవు, ముఖ్యంగా ఒంట్లో పొటాషియం తగ్గినవాళ్ళకి. వాంతుల్లో పోయేవాటిలో పొటాషియం కూడా ఉంది మరి. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడటంలో భయం లేదు. షాపతన్ని అడిగి నెలలు నెలలు వాడటంలోనే చిక్కు.

దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే మందుల్లో చాలావాటికి మొదటి ఒకటి రెండు వారాలు వికారం తెప్పించే గుణం ఉంది. ఇది ముందే చెప్పకపోతే, "వాంతులకని వెళ్తే వాంతుల మందే ఇచ్చారు" అని మూడోరోజే పారేస్తారు. చాలామందికి అది తనంతట తనే తగ్గిపోతుంది. తిన్న తరవాత వేసుకోవడం, తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం డాక్టర్ని అడగొచ్చు.

మందు కాని మందులు రెండున్నాయి మా ప్రాంతంలో. ఒకటి గుడాఖు. పొగాకు, బెల్లం కలిపిన ఆ ముద్దని పొద్దున్నే చిగుళ్ళకి రుద్దుకునే ఆడవాళ్ళు ఇక్కడ చాలామంది. నికోటిన్ తిన్నగా వాంతిని రెచ్చగొట్టే పదార్థం. బెంగ ఎక్కువైన రోజున రెండుసార్లు ఎక్కువ రుద్దుతారు, వాంతయితే బెంగ వల్ల అంటారు. రెండోది గంజాయి. ఏళ్ళ తరబడి రోజూ తాగే కుర్రాళ్ళలో కొందరికి విడవని వాంతులు మొదలవుతాయి. వేడి నీళ్ళు పోసుకుంటే తప్ప తగ్గవు. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఈ సంగతి మొదట బయటపెట్టారు. మీ ఇంట్లో కుర్రాడు వాంతులంటూ రోజుకి నాలుగుసార్లు వేన్నీళ్ళ స్నానం చేస్తుంటే, ఆ ప్రశ్న మర్యాదగానే అడగండి.

క్యాలెండరు మీద గీతలు

మా అత్త సంగతిలో ముడి విప్పింది మందు కాదు, గోడ మీది క్యాలెండరు. శ్రీకాకుళంలో తెలుగు డాక్టరమ్మ ఒకావిడ, "ఎప్పుడెప్పుడు అవుతోందో గీత పెట్టి తీసుకురండి" అని పంపింది. రెండు వారాల గీతలు చూస్తే ఆదివారాలు ఖాళీ. ఆదివారం ఏముంది? సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే అత్త కొడుకు, మా బావ, మిగతా రోజులు షిఫ్టు దిగి రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తాడు. ఆదివారం మధ్యాహ్నమే చేసేస్తాడు. ఫోన్ చేసిన రోజు అప్పు మాట, చేయని రోజు "ఏమైపోయాడో" అన్న భయం. ఎనిమిదింటికి కంచం ముందు కూర్చున్న అత్త చెవులు అన్నం మీద లేవు.

అందుకే రాసుకోండి. ఏ టైముకి, ఏం తిన్నాక, అంతకుముందు గంటలో ఏం జరిగింది, ఎవరు వచ్చారు, ఎవరి ఫోను. "ఎందుకు" అని రాయకండి, అది ఎవరికీ వెంటనే తెలియదు. "ఎప్పుడు" చాలు. డాక్టరుకి కూడా పనికొచ్చేది ఆ కాగితమే, ఒడియాలో చెప్పలేని సగాన్ని అది చెబుతుంది.

ముడి దొరికాక చేయకూడని పని ఒకటుంది: తప్పించుకోవడం. అత్త ముందు ఫోన్ తీయడం మానేద్దామనుకుంది. వారం రోజులు నిజంగానే వాంతి తగ్గింది. తరవాత వేరేవాళ్ళ ఫోన్ మోగినా తిప్పడం మొదలైంది. తప్పించుకున్న ప్రతిసారీ మెదడు "చూశావా, అది నిజంగానే ప్రమాదం" అని నేర్చుకుంటుంది. డాక్టరమ్మ చెప్పిన పద్ధతి వేరు: అన్నం ఏడింటికే, కొంచెంగా, ఫోన్‌కి చాలా ముందు. ఎనిమిదీ ఇరవైకి పొయ్యి గొట్టం ఊపిరి. ఫోన్ మాత్రం ఎత్తాలి, మొదట రెండే నిమిషాలు, అప్పు మాట ఆదివారానికి వాయిదా. తరవాత మెల్లగా పెంచుకోవాలి.

పిల్లల విషయంలోనూ ఇదే సూత్రం, ఇంకొంచెం సున్నితంగా. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున వాంతి, ఆదివారం హాయిగా ఆటలు అయితే బడిలో ఏదో ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లల్లో అది ఒక్కోసారి భాషే. పంతులు అడిగింది అర్థమై కూడా జవాబు నోట రాక నవ్వులపాలవడం. కొట్టి పంపొద్దు, అలాగని ఇంట్లో ఉంచేయొద్దు. రోజుల తరబడి ఉంచేస్తే తిరిగి వెళ్ళడం పదింతలు కష్టం. పంతులుతో మాట్లాడి, మొదటి రెండు పీరియడ్లకైనా పంపండి. మరికొందరు పిల్లలకి నెలకో రెండు నెలలకో ఒకసారి గంటల తరబడి వాంతులై, మధ్యలో పూర్తిగా బాగుంటారు. 1882లోనే లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టరు దీన్ని వర్ణించాడు. మైగ్రేన్ తలనొప్పికి ఇది దగ్గరి చుట్టం. దుఃఖమే అక్కర్లేదు, పండగ సంబరం కూడా చాలు దాన్ని లేపడానికి. దానికి వేరే మందులున్నాయి, పిల్లల డాక్టరుకి చూపించాలి.

దిగులు అనుకుని మోసపోకూడనివి

ఇంతా చెప్పాక దీని వెనకవైపు కూడా చెప్పాలి. అన్ని వాంతులూ మనసువి కావు, ఆ ముద్ర వేశాక అసలు జబ్బు దాక్కుంటుంది. జ్వరంతో వాంతి వస్తే మా వైపు మొదట అనుమానించాల్సింది మలేరియా. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో దాని మీద 2017 నుంచి దమన్ అనే పేరుతో ప్రత్యేకంగా పోరాడుతున్నారు. ఆశా కార్యకర్త దగ్గర వేలి కొసన చుక్క రక్తంతో చేసే పరీక్ష ఉంటుంది, అరగంటలోపే తేలిపోతుంది. నెల తప్పిందేమో చూసుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళు వాంతులతో మగతగా ఉంటే ఆలస్యం చేయకూడదు. చెమటలతో, ఛాతీలో బరువుతో వచ్చే వికారం గుండెపోటు కావచ్చు, ఆడవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో నొప్పి పెద్దగా లేకుండానే. వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి లాంటిది, ఆకుపచ్చ పసరుతో కడుపు బిగుసుకుపోవడం, పొద్దున్నే తలనొప్పితో వాంతి, మెడ వంగకపోవడం, ఏడెనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, బరువు తగ్గుతూ పోవడం, ఇవేవీ ఇంట్లో కూర్చుని చూసేవి కావు. మా అత్త నాలుగు కిలోలు తగ్గినప్పుడు ఎండోస్కోపీ చేయించడం అందుకే సరైన పని. తప్పు జరిగింది ఆ తరవాత.

ఇంకొకటి, దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి. ఇంట్లో గొడవ జరిగింది. మనిషి లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. కాసేపటికి వాంతులు. "కోపానికి కడుపు తిప్పింది" అనుకుంటాం. పురుగుమందు డబ్బా అటక మీద ఉండే ఇళ్ళు మనవి. సూటిగా అడగండి: "ఏమైనా తాగావా? నాకు చెప్పు, ఏమీ అనను." అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. నోటి దగ్గర ఘాటు వాసన, విపరీతంగా చొంగ, చెమటలు, కంటిపాప ఆవగింజంత అయిపోవడం కనపడితే జవాబు కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, ఒడిశాలోనూ ఆంధ్రలోనూ అదే నంబరు. సబ్బు నీళ్ళు, ఉప్పు నీళ్ళు, చింతపండు రసం తాగించి కక్కించకండి. డబ్బా వెంట తీసుకెళ్ళండి. ఎలకల మందు పేస్టు ఇంకా మోసకారి. మొదట వాంతులు చేయించి, ఒకటి రెండు రోజులు మనిషిని బాగున్నట్టే తిప్పుతుంది, ఆ తరవాత కాలేయాన్ని పడగొడుతుంది. "వాంతి అయిపోయింది కదా, తేరుకుంది" అని ఇంటికి తెచ్చేసుకున్న మనిషిని మూడోరోజు మళ్ళీ మోసుకెళ్ళడం మా బంధువుల్లోనే చూశాను.

మనసుకి సంబంధించిన డాక్టరు అంటే మా వైపు ఇప్పటికీ "వాల్తేరు పంపిస్తారా" అంటారు. విశాఖలో మానసిక వైద్యశాల ఉన్న పేట పేరు అలా తిట్టయిపోయింది. బరంపురంలో ఎంకేసీజీ, కొరాపుట్‌లో ఎస్ఎల్ఎన్, శ్రీకాకుళం సర్కారు ఆసుపత్రి అన్నీ వైద్య కళాశాలలే. అక్కడ మానసిక వైద్యుల ఓపీకి చీటీ రాయించుకుని మామూలు రోగిలాగే వెళ్ళి రావచ్చు. అంత దూరం ముందే వద్దనుకుంటే మనసు బాధలకి సర్కారు నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఉంది, 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. భాష ఎంచుకోవచ్చు, తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. చనిపోవాలనిపిస్తోందని ఇంట్లో ఎవరైనా అంటే ఈ నంబరుకి అప్పుడే చేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

మా అత్త క్యాలెండరు ఇంకా గోడ మీదే ఉంది. గీతలు పూర్తిగా పోలేదు, నెలకి ఒకటో రెండో ఉంటాయి. పోయిన నెల బావ, అప్పులో సగం తీరిందని చెప్పడానికి ఫోన్ చేశాడు. ఆ రాత్రి గోడ అవతల నుంచి చప్పుడు వినపడితే గబగబా వెళ్ళాను.

"వాంతయిందా అత్తా?"

"లేదురా. ఏడుపొచ్చింది," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఆ ముఢీ డబ్బా ఇటియ్యి, ఆకలేస్తంది."